కోస్తే తుక్కు, విప్పితే కొట్టం

వజ్రమ్మకు కోపం వస్తే కొంగు నడుముకు దోపుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆ రోజు తమ్ముడు జయరామ ఇంటి అరుగు మీద ఆమె చెయ్యి కొంగు వైపు పోగానే పెద్దమనిషి ధనకోటి గొంతు సవరించుకున్నాడు.

"తొందరపడొద్దమ్మా. నీ తమ్ముడు న్యాయంగానే చెప్తా ఉండాడు."

జయరామ చెప్పిన న్యాయం ఇది. నాయన పచ్చయ్యప్ప పోయి రెండేళ్ళయింది, ఇక పంపకాలు తేలిపోవాలి. అక్కకు అమ్మ వైపు నుంచి వచ్చిన ముప్పావు ఎకరా మెట్ట, తను పెంచుకుంటున్న పద్నాలుగు ఆవులు. మిగతా నేలంతా తమ్ముడికి. ఆ నేలలోనే ఇనుప కొట్టం ఉంది. అరవై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు. ఊళ్ళో అంత నీడ ఇంకెక్కడా లేదు. వజ్రమ్మ ఆవులు ఇరవై ఏళ్ళుగా ఆ నీడలోనే పడుకుంటున్నాయి.

"నేల నాది, ఇనుము అక్కది. ఎత్తుకోని పోనీ, నేనేమన్నా వద్దంటినా?" అన్నాడు జయరామ, పెద్ద మనసు చేసుకున్నట్టు ముఖం పెట్టి. "ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి ఎత్తేది ఉంది. మేము బయల్దేరే పొద్దుకంతా నేల ఖాళీ అయిపోవాల. తొమ్మిది గంటలకు ఏం నిలబడి ఉంటే అది నటరాజ్ కోసుకోని పోతాడు. ప్లాట్ల రాళ్ళు నాటేవాళ్ళు వస్తా ఉండారు."

కుండ ఇచ్చి పొయ్యి నాదన్నట్టుంది ఈ దానం. నేల లేని కొట్టాన్ని ఏ ఆడమనిషి నెత్తిన పెట్టుకుని పోతుంది, చివరకు తన దగ్గరికే వస్తుందని జయరామ లెక్క. నటరాజ్ అప్పటికే అరుగు కింద నిలబడి ఉన్నాడు. తిరువళ్ళూరులో పాత ఇనుము కొనే మనిషి. చిన్న లారీలో గ్యాసు సిలిండరు కూడా వేసుకుని వచ్చాడు, పెళ్ళికి ముందే వంటపాత్రలు దింపినట్టు.

"ఎందుకమ్మా కష్టం? గ్యాసు పెట్టి కోస్తే ఒక పూట పని. కోసింది నేనే తీసుకుంటా" అన్నాడు నటరాజ్.

"కోస్తే తుక్కు. విప్పితే కొట్టం. నాకు కొట్టం కావాల" అంది వజ్రమ్మ.

అరుగు మీద నవ్వులు లేచాయి. ధనకోటి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "ముహూర్తాలే లేని ఆడి నెల్లో ఎవురన్నా స్తంభం ముట్టుకుంటారా?"

"ఎత్తేదానికి ముహూర్తం చూస్తారు మామా. విప్పేదానికేం ముహూర్తం?" అని వజ్రమ్మ కొంగు దోపి అరుగు దిగింది. బయల్దేరే రోజుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

దారిలో ఆమెకు ఏడుపు వచ్చింది. వచ్చినంతసేపూ ఏడ్చి, ముక్కు చీది, ఇంటికి పోయింది. అయిప్పసి నెల వానలు మొదలయ్యేసరికి పైన కప్పు లేకపోతే పద్నాలుగు ఆవుల్నీ అమ్ముకోవాలి. కొత్త కొట్టం కట్టే తాహతు లేదు. ఆవులు లేకపోతే వజ్రమ్మ తమ్ముడి అరుగు మీద నిలబడి మాట్లాడే మనిషి కాదు, అదే అరుగు ముందు చెయ్యి చాచే మనిషి. ఆ రెండో మనిషిని ఆమె ఊహలో కూడా సహించలేదు.

మొగుడు వేలాయుధం కథంతా విని పాలచెంబు కడుగుతూ ఒక్క మాటే అన్నాడు. "నువ్వు ఎక్కు. నేను పాలు పిండుతా." పాతికేళ్ళ కాపురంలో ఇంతకంటే మంచి మాట ఆ మనిషి నోట ఆమె వినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె కడంబత్తూరులో రైలెక్కి పట్టాభిరామ్ పోయింది, రాజమాణిక్యం కోసం.

ఈ కొట్టం ఈ ఊళ్ళో పుట్టింది కాదు. నలభై ఏడేళ్ళ కిందట రైల్వే వాళ్ళు ఒక పాత గూడ్సు షెడ్డును వేలం వేస్తే, పచ్చయ్యప్ప పాడుకున్నాడు. విప్పి, బండ్ల మీద తెచ్చి, మళ్ళీ నిలబెట్టింది ఇరవై రెండేళ్ళ ఫిట్టరు రాజమాణిక్యం. అప్పుడు వజ్రమ్మకు ఎనిమిదేళ్ళు. బోల్టుల డబ్బా పట్టుకుని అతని వెనకాల తిరగడమే ఆమె పని. జయరామ అప్పటికి ఇంకా పుట్టలేదు. కొట్టం లేచిన సంతోషంలో పచ్చయ్యప్ప తిరుత్తణి స్వామికి మొక్కుకున్నాడు. ఏటా ఆడికృత్తికకు ఊరి కావళ్ళన్నీ ఈ కప్పు కిందే కట్టాలి, ఇక్కడి నుంచే బయల్దేరాలి. మొదటి కావడి ఈ ఇంటి మగవాడు ఎత్తాలి. తెల్లవారి పూజకు ముందు అతను నోటికి పసుపు గుడ్డ కట్టుకుంటే, కొండ మీద స్వామి ఎదుట తప్ప విప్పకూడదు. పచ్చయ్యప్ప ముప్పై అయిదేళ్ళు అట్లాగే నడిచాడు. తరువాత జయరామ నడుస్తున్నాడు. ఆ గుడ్డ దారిలో విప్పినవాడు ఇంతవరకు లేడు.

రాజమాణిక్యం ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళ ముసలాయన. మెడలో సిలువ గొలుసు, చేతిలో కర్ర, మోకాళ్ళలో నొప్పి. కొట్టం మాట ఎత్తగానే కర్ర పక్కన పెట్టేశాడు.

"కోస్తారా? వాళ్ళ చేతులు పడిపోను! వజ్రం, ఆ కొట్టం ఒకసారి విప్పి కట్టినాను. ఇంకోసారి విప్పలేనా? నేను ఎక్కలేను గాని, నా మనవరాలు ఎక్కుతుంది."

మనవరాలు ఏంజెలిన్ అక్కడే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ పూటే జ్వరమని ఫోను చేసి సెలవు పెట్టింది. ఫోను పెట్టేసి, "జ్వరం తప్పకుండా వారం ఉంటుంది అత్తా" అని స్పానర్లు సంచిలో వేసుకుంది.

కొట్టం దగ్గరికి వచ్చాక రాజమాణిక్యం మొదట చేసిన పని ఉప్పుకాగితంతో ఒక స్తంభం మీది రంగు గీకడం. రంగు పొరలు రాలిన కొద్దీ ఇనుములో ఉలితో కొట్టిన గాట్లు బయటపడ్డాయి. ఒకటి, రెండు, మూడు.

"మూడో స్తంభం, మూడో ట్రస్సు. దీని పైనుండే దానికి కూడా మూడు గాట్లే ఉంటాయి చూడు. ఒకదాంతో ఒకటి పుట్టినట్టు కొట్టినాను. మళ్ళీ ఎవురు కట్టినా తడుముకునే పని లేదు" అన్నాడు. కప్పును మోసే ముక్కోణపు ఇనుప చట్రాలను అతను ట్రస్సులంటాడు. అలాంటివి ఏడున్నాయి. ఒక్కొక్కటీ పావు టన్ను.

వజ్రమ్మ ఆ గాట్ల మీద వేలు పెట్టి చూసింది. ఇవి కొడుతున్నప్పుడు నిప్పురవ్వ ఒకటి తన గౌను మీద పడి కాలింది. అది గుర్తొచ్చింది. ఇంతకాలం ఈ ఇనుము తమ్ముడి నేల మీద నిలబడి ఉందనుకుంది గాని, ఇది తనతోపాటు పెరిగిందని ఆమెకు ఇప్పుడే తట్టింది. దీన్ని గ్యాసు మంటకు ఇవ్వడం తన వల్లకాదు అనుకుంది.

ఆవుల్ని ఇంటి వెనక తాటాకు పందిట్లోకి మార్చారు. ఒకరోజంతా నట్లు నానబెట్టడంతోనే సరిపోయింది. పాత చీరలు చింపి, కిరోసినూ ఇంజను ఆయిలూ కలిపి తడిపి, ప్రతి నట్టుకూ కట్టుకట్టారు. దూరం నుంచి చూస్తే కొట్టం ఆసుపత్రి నుంచి వచ్చినట్టుంది. తరువాత రెండు రోజులు రేకులు దింపారు. రాజమాణిక్యం కింద కుర్చీ వేసుకుని కూర్చుని కర్ర చూపించి పని చేయించాడు. అతని చట్టం ఒక్కటే. ఊడిన బోల్టు డబ్బాలో పడకూడదు, దాని కంతలోనే మళ్ళీ దూర్చి నట్టు చేత్తో బిగించాలి.

"డబ్బాలో ఏస్తే అన్నీ ఒకేలాగే ఉంటాయి. కట్టేటప్పుడు తెలుస్తుంది దీని ఇల్లు ఇది కాదని" అనేవాడు.

వజ్రమ్మ అయిదో రోజుకు నిచ్చెన మీద ఏంజెలిన్‌తో సమానంగా నిలబడింది. యాభై అయిదేళ్ళ ఆడమనిషి చీర కచ్చ కట్టి స్పానరు తిప్పుతుంటే, చూడటానికి వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు గాని చెయ్యి వెయ్యలేదు. జయరామ అందరికీ ముందే చెప్పి పెట్టాడు. అక్క పనికి పోయినవాడికి తన దగ్గర పనుండదని. ఏటా పచ్చిగడ్డి కోసే ఎలుమలై కూడా గట్టు మీద నిలబడి తల గోక్కున్నాడు.

"అక్కా, నాకు రావాలనే ఉండాది. కానీ నీ తమ్ముడు..."

"పోరా. నీ భయం నువ్వు కాపాడుకో. నా కొట్టం నేను కాపాడుకుంటా."

ఆరో రోజు క్రేను రావాలి. ట్రస్సులు దింపడానికి తిరువళ్ళూరులో మాట్లాడి పెట్టుకున్నారు. పదైంది, పదకొండైంది, క్రేను రాలేదు. ఏంజెలిన్ ఫోను చేస్తే క్రేను మనిషి, "అది అక్కాతమ్ముళ్ళ తగాదా అంట గదమ్మా, పోలీసు కేసు అయితే నా బండి స్టేషన్లో ఉంటుంది" అని పెట్టేశాడు. ఎవరు చెప్పి ఉంటారో ఎవరూ అడగలేదు.

వజ్రమ్మ నిచ్చెన దిగి, కొట్టం నడుమ నిలబడి, తమ్ముడి ఇంటి వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టింది. పచ్చయ్యప్ప బతికి ఉంటే చెవులు మూసుకునేవాడు. తిట్టడం అయ్యాక మంచినీళ్ళు తాగి, "అన్నా, క్రేను లేకుండా మీరు అప్పుడు ఎట్ల ఎత్తినారు?" అని అడిగింది.

"రెండు సరుగుడు దూలాలు, కప్పీలు, తాళ్ళు, మనుషులు" అన్నాడు రాజమాణిక్యం. "మనుషులే లేరు గదా ఇప్పుడు. చైను బ్లాకు పెట్టి గొలుసు లాగితే దినానికి ఒకటి, మించితే ఒకటిన్నర దిగుతుంది."

అట్లాగే దింపారు. మూడు రోజుల్లో నాలుగు ట్రస్సులు, వాటి స్తంభాలతో సహా కిందికొచ్చాయి. వజ్రమ్మ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. వేలాయుధం పాలు రైలు స్టేషనులో ఇచ్చి రాగానే గొలుసు పట్టుకునేవాడు. అయినా ఎనిమిదో రోజు పొద్దు వాలేసరికి మూడు ట్రస్సులు, వాటిని మోసే ఆరు స్తంభాలు నిలబడే ఉన్నాయి. తెల్లవారితే కావళ్ళు బయల్దేరతాయి. తొమ్మిదింటికి నటరాజ్ వస్తాడు.

"నలభై మంది ఉంటే గంటన్నర పని" అన్నాడు రాజమాణిక్యం, ముఖం అటు తిప్పుకుని. ఓడిపోయినవాడి గొంతు అది.

వజ్రమ్మ అతని వైపు చూసి ఉన్నట్టుండి నవ్వింది. "నలభై మంది వస్తారు అన్నా. వాళ్ళంతట వాళ్ళే నడుచుకుంటా వస్తారు. తాళ్ళు, కప్పీలు సిద్ధంగా పెట్టు."

"నీ తమ్ముడు వద్దంటే?"

ఆమె కొంగు దోపుకుని మజ్జిగకు పెరుగు తోడుపెట్టడానికి పోయింది.

తెల్లవారింది. పసుపు బట్టలు కట్టుకుని, మెడలో మాలలు వేసుకుని, భుజాన కావళ్ళతో మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కప్పు లేని కొట్టం కిందికి వచ్చి పైకి చూశారు. నలభై ఏడేళ్ళుగా రేకులు కనిపించే చోట ఆకాశం కనిపించింది. ఎవరికీ నచ్చలేదు ఆ ఆకాశం. కొందరు జయరామ వైపు చూశారు. అతను మొదటి కావడి పక్కన నిలబడి ఉన్నాడు. నోటికి పసుపు గుడ్డ అప్పటికే కట్టుకున్నాడు. వెనక ముడి గట్టిగా బిగించి ఉంది.

వజ్రమ్మ ఏటా లాగే అందరికీ మజ్జిగ పోసింది. అందరూ తాగాక గ్లాసులు పక్కన పెట్టి గట్టిగా అంది.

"ఇన్నేళ్ళు ఈ నీడలో కావళ్ళు కట్టినారు. మీ నాయనలు కట్టినారు. తొమ్మిదింటికి దీన్ని ముక్కలు కోసేదానికి మనిషొస్తాడు. మూడు ట్రస్సులు ఉండాయి. తాడు పట్టుకుంటే దింపేస్తాం. నా మెట్టలో మళ్ళీ నిలబెడతా. ఎవురు పట్టుకుంటారు?"

నలభై తలలూ ఒకేసారి జయరామ వైపు తిరిగాయి. అతను కళ్ళెర్రజేసి అరచెయ్యి అడ్డంగా ఊపాడు. వద్దు, కూడదు, కదలొద్దు. ముందు వరసలో నిలబడ్డవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

వజ్రమ్మ తాడు కొస చేతబట్టుకుని తిన్నగా తమ్ముడి ముందుకు పోయింది.

"చెయ్యి ఊపితే నాకు అర్థం కాదురా. నోరు విప్పి చెప్పు. వద్దు అను. ఒక్క మాట అను, ఈ తాడు ఇక్కడే పారేసి పోతా. నటరాజ్‌ను పిలిచి నేనే కోయిస్తా."

జయరామ చెయ్యి మెల్లగా తల వెనక్కి పోయింది. వేళ్ళు ముడిని పట్టుకున్నాయి. ఏంజెలిన్ స్తంభం మీద నుంచి ఒంగి చూసింది. వజ్రమ్మ తాడు కొసను గుప్పిట్లో ఇంకో చుట్టు చుట్టుకుంది. వీడు నిజంగానే విప్పేస్తే? అన్నంత పనీ చెయ్యాలి, కోయించాలి. మాట ఇచ్చేసింది. అయినా ఆమె కళ్ళు తిప్పలేదు. వాడి కళ్ళల్లోకే చూసింది. ఆ కళ్ళు మొదట ఆమెను తిట్టాయి, తరువాత కావడి వైపు పోయాయి, తరువాత నేల చూశాయి.

చెయ్యి ముడి మీద నుంచి కిందికి దిగింది. గుడ్డ కట్టినట్టే ఉంది.

"వద్దనలేదు" అంది వజ్రమ్మ అందరికీ వినిపించేలా. "విన్నారు గదా? వద్దనలేదు."

మొదట కదిలింది ఎలుమలై. కావడి జాగ్రత్తగా నేల మీద పెట్టి, తాడు పట్టుకుని, "అరోహరా!" అని స్వామిని తలుచుకుని అరిచాడు. ఆ అరుపులో వారం రోజుల సిగ్గంతా ఉంది. అతని వెనక ఇంకొకడు, ఇంకో పదిమంది, తరువాత లెక్క లేదు. ధనకోటి కూడా పంచె ఎగ్గట్టి చివర్న నిలబడ్డాడు, వయసు మరిచిపోయి.

రాజమాణిక్యం కుర్చీలోంచి లేచాడు. "ఒకేసారి వదలాల, ఒకేసారి బిగించాల! మీ స్వామి పేరే చెప్పండప్పా, నాకేం అడ్డం లేదు, చేతులు మాత్రం నా మాట వినాల!"

"అయిదు గాట్లది, ఇటు పక్క విప్పేశా!" పైనుంచి ఏంజెలిన్ కేక వేసింది. అటు పక్క నిచ్చెన మీద వజ్రమ్మ చివరి బోల్టు లాగింది. పావు టన్ను ఇనుము ఒక్క క్షణం గాల్లో ఊగి, తాళ్ళ మీద కూర్చుంది. నలభై గొంతులు అరోహరా అన్నాయి. తాళ్ళు జానెడు జారాయి, ఆగాయి, మళ్ళీ జానెడు జారాయి. మొదటిది నేల మీద ఆనింది. చిన్న చప్పుడు కూడా కాలేదు. రాజమాణిక్యం కళ్ళు తుడుచుకుని, "సీక్రం, ఇంకోటి!" అని కసురుకున్నాడు.

మూడూ దిగాయి. స్తంభాల మొదట్లో నట్లు ముందే నాని ఉన్నాయి కాబట్టి అవి కూడా ఒకదాని తరువాత ఒకటి పడుకున్నాయి. ప్రతి బోల్టూ దాని కంతలోకి తిరిగి పోయింది. ఇంతసేపూ జయరామ కావడి పక్కన రాతి మీద కూర్చుని చూశాడు. ఒకసారి మాత్రం, ఏడు గాట్ల స్తంభం ఒరుగుతూ గట్టు వైపు జారబోతే, లేచి చప్పున భుజం ఆనించాడు. ఆనించాక ఎందుకు ఆనించానా అన్నట్టు చుట్టూ చూసి మళ్ళీ కూర్చున్నాడు. వజ్రమ్మ అది చూసి, తరువాతి నట్టు మీద స్పానరు పెట్టింది.

ఎనిమిదిన్నరకు నటరాజ్ సిలిండరుతో దిగాడు. ఖాళీ నేల, వరసగా పడుకున్న ఇనుము, చెమటలు కక్కుతున్న నలభై మంది భక్తులు. "ఎన్నమ్మా ఇది? కోసేదానికేముంది ఇంక?" అన్నాడు బిక్కముఖం వేసి.

"మజ్జిగ ఉండాది. తాగేసి పో" అంది వజ్రమ్మ.

కావళ్ళు లేచాయి. ఏటా బయల్దేరే ముందు ఇంటి ఆడపడుచు కావడి ఎత్తేవాడి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయాలి. ఈ ఏడు పొయ్యదేమోనని అందరూ చూస్తున్నారు. వజ్రమ్మ పసుపు కలిపిన బిందె చంకనెత్తుకుని వచ్చి, పగిలిన అరచేతులతోనే తమ్ముడి రెండు పాదాల మీద నిండా పోసింది. మొక్కు నాయనది. దానికీ తన కోపానికీ సంబంధం లేదు.

పోసి నడుము ఎత్తి, వాడి ముఖంలోకి చూసి చెప్పింది.

"వచ్చే ఏడు కావళ్ళు కట్టేది నా మెట్టలో. కొట్టం అక్కడ ఉంటుంది, మొక్కు కూడా అక్కడే. మొదటి కావడి నీదే. నువ్వు వస్తే నీడుంటుంది, మజ్జిగుంటుంది. రాకపోతే ఎలుమలై ఎత్తుతాడు."

జయరామకు జవాబు చెప్పే నోరు తిరుత్తణి కొండ దాకా లేదు. కావడి భుజానికెత్తుకుని, తడి కాళ్ళతో, పడుకున్న ఇనుము పక్కనుంచి నడిచి రోడ్డెక్కాడు. అతని వెనక నలభై మందీ అరోహరా అంటూ సాగారు.

వేలాయుధం అప్పటికే ట్రాక్టరు వెనక్కి తిప్పుతున్నాడు. వజ్రమ్మ ఒంగి ఒక్క గాటున్న స్తంభం వెతికి, దాని తల వైపు తను పట్టుకుని, "ఏంజెలిన్, ఆ కొస నువ్వు పట్టుకో. ఇది ముందు ఎక్కాల, అక్కడ ముందు నిలబడేది ఇదే" అంది.